‘వయసైపోయింది’ కాదు... షుగరేమో చూడండి!

కపిలేశ్వరపురంలో అరుగు మీద కూర్చున్న ఏ షుగర్ పేషెంట్‌నైనా కాళ్ల మంటల గురించి అడగండి, గంటసేపు చెప్తారు. యూరిన్ సంగతి అడిగితే మాత్రం ‘వయసైపోయింది కదండీ’ అని మాట తప్పించేస్తారు. పడకగది సంగతైతే ఇక అడగనే అక్కర్లేదు! కానీ ఈ మూడింటికీ కారణం ఒకటే కావచ్చు.

ఏళ్ల తరబడి షుగర్ ఎక్కువగా ఉంటే నరాలు, వాటికి రక్తం అందించే సన్నటి నాళాలు దెబ్బతింటాయి. పాదాల్లో మంట, తిమ్మిరి అలా వచ్చేవే. మూత్రాశయాన్ని, జననాంగాలను నడిపించే నరాలకీ అదే గతి పడుతుంది.

మూత్రాశయం నిండినా కబురు అందదు. వెళ్లినా పూర్తిగా ఖాళీ అవదు. మిగిలిపోయిన యూరిన్‌తో ఇన్‌ఫెక్షన్లు మళ్లీ మళ్లీ వస్తాయి. కొందరికి తెలియకుండానే కారిపోతుంది, కొందరికి ఆపుకోలేనంత అర్జెంటు. ప్రొస్టేట్ వాపులోనూ ఇలాంటి లక్షణాలుంటాయి కాబట్టి, యూరిన్‌కి వెళ్లాక ఎంత మిగిలిందో స్కానింగ్‌లో చూస్తారు.

అంగస్తంభనకు నరాలూ, రక్తనాళాలూ రెండూ బాగుండాలి. షుగర్ రెండింటినీ కొడుతుంది. 1994లో వెలువడిన మసాచుసెట్స్ స్టడీలో, షుగర్‌కి మందులు వాడుతున్న మగవాళ్లలో పూర్తి స్తంభన లోపం 28 శాతం మందికి ఉంటే, మొత్తం మీద అది 10 శాతం లోపే. కొందరిలో వీర్యం బయటికి రాకుండా మూత్రాశయంలోకి వెళ్లిపోతుంది. పిల్లలు పుట్టకపోవడానికి అదీ ఒక కారణం. ఆడవాళ్లలో పొడిబారడం, స్పర్శ తగ్గడం, కలయికలో నొప్పి ఉంటాయి. వాళ్లని అడిగేవాళ్లే లేరు.

ఇది ముసలివాళ్ల గొడవే అనుకోకండి. 2023లో వచ్చిన ఐసీఎంఆర్ సర్వే లెక్క ప్రకారం దేశంలో షుగర్ ఉన్నవాళ్లు 10 కోట్ల పైమాటే.

గోడల మీద ‘నరాల బలహీనత’ ప్రకటనలు చూసి పరిగెత్తొద్దు. మెడికల్ షాపులో అడిగి మాత్ర వేసుకోవద్దు. గుండెకి నైట్రేట్ మందులు వాడేవాళ్లు వయాగ్రా లాంటివి వేసుకుంటే బీపీ ఒక్కసారిగా పడిపోయి ప్రాణం మీదకొస్తుంది. పైగా స్తంభన లోపం గుండె జబ్బుకి ముందస్తు హెచ్చరికా కావచ్చు.

దెబ్బతిన్న నరం పూర్తిగా బాగవడం కష్టం. కానీ దెబ్బ తగలకుండా ఆపొచ్చు. టైప్-1 షుగర్ వాళ్లపై జరిగిన అమెరికా స్టడీలో (1993) కచ్చితమైన కంట్రోల్‌తో నరాల జబ్బు సుమారు 60 శాతం తగ్గింది. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ టెస్ట్ చేయించండి. ఇంట్లో పెద్దవాళ్లకు చెప్పడానికి మొహమాటమైతే ఇదే వాట్సాప్ చేయండి. డాక్టరు దగ్గర ఒక్క మాట చాలు: ‘షుగర్ ఉందండీ, యూరిన్‌కీ, సంసారానికీ ఇబ్బందిగా ఉంది.’