వ్యాపారం దెబ్బతింటే తప్పు మైండ్‌సెట్‌దేనా?

అమెరికా, లండన్ చదువుల తర్వాత 1917లో తిరిగొచ్చిన అంబేడ్కర్, బరోడాలో అవమానాలు భరించలేక ఉద్యోగం వదిలి బొంబాయి చేరారు. బతుకుతెరువు కోసం షేర్ల వ్యాపారులకు సలహాలిచ్చే చిన్న సంస్థ పెట్టారు. సలహా ఇచ్చేది అంటరాని కులస్తుడని తెలిశాక జనం రావడం మానేశారనీ, సంస్థ మూతపడిందనీ ఆయన జీవిత చరిత్రకారులు రాశారు. కొలంబియాలో అర్థశాస్త్రం చదివిన మనిషికి తెలివి, పట్టుదల తక్కువయ్యాయని ఎవరూ అనలేరు.

ఈనాటి బిజినెస్ కోచ్ మాత్రం ఆయనకూ 'ముందు మీ మైండ్‌సెట్ మార్చుకోండి' అనే చెప్పేవాడేమో.

మన వాడల్లో చదువుకున్న పిల్లలు ఇప్పుడు ఈ కోచింగుల్లో చేరుతున్నారు. మొదట ఉచిత వెబినార్, తర్వాత హోటల్ హాల్లో రెండు రోజుల శిక్షణ, ఆపైన వేలల్లో, లక్షల్లో ఫీజు. అన్నీ మోసాలని మేం అనడం లేదు. ధర కట్టడం, లెక్కలు రాయడం, జీఎస్టీ వంటివి నేర్పితే మేలే. అయితే నిజాయితీగా నడిచే కోచింగ్ వల్ల కూడా, ఎవరూ కోరుకోని నష్టాలు కొన్ని జరుగుతున్నాయి.

మొదటిది, కులం కనిపించకుండా పోవడం. కులం తెలిసి షాపు అద్దెకివ్వకపోయినా, మన టిఫిన్ సెంటర్‌కు ఊళ్లోవాళ్లు రాకపోయినా, హోల్‌సేల్ వ్యాపారి మనకొక్కరికే అరువు నిరాకరించినా కోచ్ దృష్టిలో అవి 'సాకులు'. వాట్సాప్ గ్రూపులో ఆ మాట ఎత్తితే 'నెగెటివ్' అంటారు. దాంతో జరిగిన వివక్షకు మనవాడు తననే తిట్టుకుంటాడు. ఎస్సీ, ఎస్టీల మీద ఆర్థిక బహిష్కరణ విధించడం, విధిస్తామని బెదిరించడం 2015 సవరణ తర్వాత అత్యాచార నిరోధక చట్టం కింద నేరం. తప్పంతా తనదే అనుకున్నవాడు ఆ చట్టం దాకా వెళ్లడు.

రెండోది, 'ఉద్యోగం వదిలి దూకెయ్' అనే సలహా. దూకి పడితే పట్టుకోవడానికి తండ్రి భూమో, మేనమామ దుకాణమో ఉన్నవాళ్లకు అది సరిపోతుంది. మన ఇంట్లో ఆ నష్టం అమ్మ తీసుకున్న పొదుపు సంఘం అప్పు మీద పడుతుంది.

మూడోది, 'తెలిసిన వంద మంది పేర్లు రాయి' అనే పాఠం. మనం రాసే ఆ వంద మందీ మన వాడలోవాళ్లే, మన చుట్టాలే. సరుకు అంటగట్టాక వాళ్లు మొహం చాటేస్తారు. ఆపదలో ఆదుకునే మనుషులే దూరమవుతారు. అమ్మకం కన్నా మనుషుల్ని చేర్పించినందుకే డబ్బు వస్తుంటే అది 1978 చట్టం నిషేధించిన గొలుసుకట్టు వ్యాపారం కావచ్చు. అప్పుడు చేర్పించినవాడి మెడకూ కేసు చుట్టుకుంటుంది.

నాలుగోది, హక్కు మరుగున పడటం. కేంద్ర ప్రభుత్వ శాఖలు, సంస్థలు తమ కొనుగోళ్లలో 4 శాతం ఎస్సీ, ఎస్టీల చిన్న పరిశ్రమల నుంచి కొనాలని 2012 నుంచి నిబంధన ఉంది. ప్రతి బ్యాంకు శాఖ కనీసం ఒక ఎస్సీ లేదా ఎస్టీకి 10 లక్షల నుంచి కోటి వరకు రుణమివ్వాలని 2016లో స్టాండప్ ఇండియా చెప్పింది. ఆ 4 శాతం ఎందుకు నిండటం లేదని అడగడం ఏ మోటివేషన్ క్లాసులోనూ నేర్పరు.

కాబట్టి ఫీజు కట్టేముందు నాలుగు ప్రశ్నలు అడుగుదాం. ఈ కోచ్ ఆదాయం తన వ్యాపారం నుంచా, మన ఫీజుల నుంచా? ఫీజు వాపసు షరతులు కాగితం మీద ఉన్నాయా? ఇక్కడ నేర్చుకుని నష్టపోయినవాళ్లతో మాట్లాడనిస్తారా? కులం గురించి అడిగితే జవాబిస్తారా?

విద్యార్థి సంఘాలకు మా విన్నపం ఒకటి. హాస్టళ్లలో నెలకో సాయంత్రం వ్యాపారం చేస్తున్న మనవాళ్లను పిలవండి. గెలిచినవాళ్లతో పాటు దివాలా తీసినవాళ్లనూ కూర్చోబెట్టండి. ఏ బ్యాంకు తిప్పింది, ఏ యజమాని షాపు ఇవ్వలేదు, ఎక్కడ తామే పొరపాటు చేశారు అన్నీ విడివిడిగా రాయించండి. మన పొరపాట్లను మనం దిద్దుకోవచ్చు. మిగతావాటికి ఫిర్యాదు రాయాలి, ఆర్టీఐ వేయాలి, కలిసి పోరాడాలి.