‘వచ్చాడా? వచ్చిందా?’: లింగ గుర్తింపు, మన మాట

మనిషిని ఏమని పిలవాలన్న ప్రశ్న దళితులకు కొత్త కాదు. పండు ముసలి దళితుణ్ణి దొర కొడుకు ‘ఒరే’ అని పిలిచిన ఊళ్లు మనవి. ఆ పిలుపు మీద మన పెద్దలు కొట్లాడారు. ట్రాన్స్‌జెండర్ల గురించి మాట్లాడేటప్పుడు మన నోటికీ అదే కొలమానం ఉండాలి.

‘కొజ్జా’, ‘పేడి’ తిట్లు. ‘నపుంసకుడు’ శరీరంలో లోపం వెతికే మాట. ‘హిజ్రా’ గురు-చేలా సంప్రదాయం ఉన్న ఒక సమూహం పేరు, అందరికీ అంటించకూడదు. పుట్టినప్పుడు మగబిడ్డగా రాసినా తనను స్త్రీగా గుర్తించుకునే వ్యక్తి ట్రాన్స్ మహిళ. ఆడబిడ్డగా రాసినా పురుషుడిగా గుర్తించుకునే వ్యక్తి ట్రాన్స్ పురుషుడు.

మాట వెనక చట్టమూ ఉంది. సంచార, ఆదివాసీ జాతులపై ‘నేరస్థ’ ముద్ర వేసిన 1871 బ్రిటిష్ చట్టమే హిజ్రాల పేర్లనూ పోలీసు రిజిస్టర్‌కెక్కించింది. నిజాం రాజ్యంలో 1919లో అలాంటిదే యూనక్స్ యాక్ట్ వచ్చింది. దాన్ని తెలంగాణ హైకోర్టు 2023లో కొట్టేసింది. లింగాన్ని ఎవరికి వారే నిర్ణయించుకునే హక్కు ఉందని సుప్రీంకోర్టు 2014లో నల్సా తీర్పులో చెప్పింది.

ఖమ్మంకు చెందిన డాక్టర్ కొయ్యల రూత్ జాన్ పాల్ 2022లో ఉస్మానియా ఆస్పత్రిలో ప్రభుత్వ ఉద్యోగంలో చేరారు. పీజీ సీటు దగ్గర తనను ఎస్సీగానే కాక ట్రాన్స్‌జెండర్‌గానూ గుర్తించాలని 2023లో హైకోర్టుకు వెళ్లారు. కులం ఒక గడిలో, లింగం ఇంకో గడిలో విడివిడిగా బతకవు. ఫారంలో ఒక్క మాట లేకపోతే సీటే పోతుంది.

తెలుగులో చిక్కు క్రియలోనే ఉంది. ‘వచ్చాడు’ మగవాడికి. ‘వచ్చింది’ ఆడమనిషికీ గొడ్డుకీ ఒకటే. ‘వచ్చారు’ అందరికీ సరిపోతుంది, గౌరవమూ నిలుపుతుంది. వార్త రాసినా, సర్వే చేసినా తెలియనప్పుడు ‘వారు’ వాడదాం. తెలిశాక వాళ్లు చెప్పిన పేరు, చెప్పిన పిలుపే వాడదాం. పాత పేరు, ఆపరేషన్ సంగతి అడగొద్దు.

భద్రాచలం అడవి అంచున ఇది చాలదు. కోయ భాషలో బహువచనంలోనూ మగ, మగేతర తేడా ఉంటుంది. తెలుగు ‘వారు’ను అనువదించి కరపత్రం వేస్తే అక్కడ పని జరగదు. కోయ మాట్లాడేవాళ్లు, అందులోనూ ట్రాన్స్‌జెండర్లు, తమ మాటను తామే ఎంచుకోవాలి. మనం చేయాల్సింది కరపత్రం అచ్చుకు వెళ్లకముందే వాళ్లను అడగడం.