పూతరేకుల పేరుకు చట్ట రక్షణ

రాజమహేంద్రవరం: ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు లభించింది. వేడి కుండ బోర్లించి, జావలో తడిపిన గుడ్డ పరిచి రేకు తీసే విద్య పాతది, అందరిదీ; పేటెంటుకు నిలవదు. 1999 నాటి చట్టం కాపాడేది పేరునే. పొరుగూరివారూ రేకులు తీసి నిక్షేపంగా అమ్ముకోవచ్చు, పెట్టెపై ‘ఆత్రేయపురం’ అని వేస్తేనే చిక్కు. నేరం రుజువైతే 6 నెలలనుంచి 3 ఏళ్ల జైలు, 50 వేలనుంచి 2 లక్షల రూపాయల జరిమానా.

గుర్తింపు తయారీదారుల సంఘం పేర ఉంది. అయినా ఊళ్లోని ప్రతి తయారీదారూ అధీకృత వినియోగదారుగా విడిగా నమోదు కావాలి. వారివద్ద సక్రమంగా కొన్న సరకును తిరిగి అమ్మే వర్తకులకు అభ్యంతరం లేదు; బిల్లులు భద్రపరచుకోవడం మేలు. ఈ హక్కు తాకట్టుకు చెల్లదు గనుక షావుకార్లు దీన్ని చూసి అప్పివ్వరాదు. రిజిస్ట్రేషను గడువు 10 ఏళ్లు, ఆపై పునరుద్ధరించుకోవాలి.