గాయానికి పసుపు కంటే ముందు నీళ్లు

కత్తిపీట దగ్గర వేలు తెగితే మన చేయి ముందుగా పోపుల డబ్బాలోని పసుపు మీదికే పోతుంది. బడిలో ఒకడి మోకాలు గీరుకుపోతే తోటిపిల్లలే గడ్డిచామంతి ఆకు నలిపి పసరు పిండుతారు. వీటిని మూఢనమ్మకాలని మేము కొట్టిపారేయము. పసుపుకు వాపు తగ్గించే గుణమున్నది. గాయాలకు పసుపు వాడకంపై అమెరికాలో 1995లో పేటెంటు ఇస్తే, ఇది మా పాత విద్యేనని మన సి.ఎస్.ఐ.ఆర్. ఆధారాలు చూపి 1997లో దానిని రద్దు చేయించింది.

అయితే పాత గ్రంథాలు చెప్పిన వరుసను మాత్రం మనం మరచిపోయాము. సుశ్రుతుడు వ్రణానికి 60 ఉపక్రమాలు చెప్పాడు. వాటిలో శోధనం, అంటే మలినం తీయడం ముందు. రోపణం, అంటే మాన్పడం తరువాత. అబ్బాసీ ఖలీఫాల కాలంలోనే ఆయన గ్రంథం అరబ్బీలోకి వెళ్లింది. పుండు కడగడానికి కరక్కాయ, తానికాయ, ఉసిరికాయ పెచ్చులు మరగించి వడకట్టిన త్రిఫల కషాయం వాడేవారు.

మాన్పడానికి పేరుపొందినది జాత్యాది తైలం. జాజి ఆకు, వేపాకు, పసుపు, మంజిష్ఠ, అతిమధురం మొదలైనవాటిని నూరిన ముద్ద ఒక పాలైతే నువ్వుల నూనె నాలుగు పాళ్లు, నీళ్లు పదహారు పాళ్లు. నీరంతా ఇగిరేదాకా సన్నని సెగ మీద కాస్తారు. మైనం కూడా చేరుతుంది; యునానీ హకీముల మర్హంలలోనూ మైనం, నూనె ఉంటాయి. జాత్యాదిలో మైలుతుత్తం పడుతుంది. అది విషం, కనుక ఇంట్లో కాచే ప్రయత్నం వద్దు. పైపూతకే తప్ప లోపలికి పనికిరాదు.

మట్టి అంటిన గాయం మీద పసుపు అద్దితే మట్టి లోపలే ఉండిపోతుంది. ముందు ధారగా నీళ్లు, సబ్బు. పేడ, సున్నం, కాఫీ పొడి అసలే వద్దు. ధనుర్వాతం క్రిములు మట్టిలో, పేడలో ఉంటాయి. మేకు దిగిన లోతు గాయంలో, గాలి తగలని చోట పెరుగుతాయి. వాటిని ఏ పసరూ ఆపలేదు, టీకా వేయించుకోవలసిందే.

మాకు ఎక్కువ భయం షుగరు ఉన్న పెద్దల గురించి. పాదంలో స్పర్శ తగ్గి ముల్లు దిగినా తెలియదు, రక్తం సరిగా పారక పుండు మానదు. వుజూలో కాళ్లు కడిగేటప్పుడు అరికాళ్లు, వేళ్ల సందులు ఒకసారి చూసుకుంటే చాలు. చూపు ఆననివారికి పిల్లలు చూడాలి. చిన్న పుండు కనబడినా నూనె రాసి ఎదురుచూడక డాక్టరుకు చూపించండి. వేలు నల్లబడినా, వాసన వచ్చినా, జ్వరం తగిలినా ఆ పూటే ఆసుపత్రికి తీసుకువెళ్లండి. అంతవరకు ఏమి రాశారో అక్కడ దాచకుండా చెప్పండి.