సముద్రపుకాకులు - లక్షణ విచారము



చలికాలమున కాకినాడ తీరమునగాని, కృష్ణానది సముద్రమున గలియు చోటగాని, పులికాటు సరస్సు గట్టునగాని నిలిచినవారికి తెల్లని పక్షులు గుంపులుగా నీటిపై తేలుచును, చేపల పడవల వెంట దిరుగుచును కనబడును. వీనిని మనవారు సముద్రపుకాకు లందురు. ఆంగ్లమున వీనికి గల్ అని పేరు. దూరమునుండి చూచువారికి అన్నియు నొక్క జాతిగనే తోచును. కాని యా గుంపులలో మిక్కిలి పోలికగల రెండు జాతులు కలిసియుండుట కలదు. ఒకటి గోధుమతల గల్, రెండవది నల్లతల గల్. ఈ రెంటిని వేరుపరచుట యెట్లనునదియే నేటి ప్రసంగమునకు విషయము.

నేను పక్షిశాస్త్రజ్ఞుడను గాను; పాఠశాలలో తెలుగు చెప్పి విరమించినవాడను. పిమ్మట చలికాలపు టుదయములు సముద్రతీరమున గడుపుట నాకలవాటైనది. అచ్చట నాకు దుర్భిణి యెంత యుపకరించినదో, చిన్ననాడు గురువుగారి యొద్ద చదివిన తర్కశాస్త్రమును నంతయే యుపకరించినది. ఒక వస్తువును తక్కిన వస్తువులనుండి వేరుచేసి చూపు ధర్మమునకు లక్షణమని పేరు. అది మూడు దోషములు లేనిదై యుండవలెను. ఆవన నెట్టిదని యడిగినప్పుడు, కపిలవర్ణము గలదియే యావని చెప్పినచో తెల్లయావులు విడిచిపోవును, ఇది అవ్యాప్తి. కొమ్ములు గలది యనినచో అది గేదెలకును చెల్లును, ఇది అతివ్యాప్తి. ఒంటిగిట్ట గలది యనినచో ఏ యావునకును చెల్లదు, ఇది అసంభవము. సముద్రపుకాకులను గుర్తించుటలో జరుగు పొరపాటు లన్నియు నీ మూటిలోనే యిమిడియున్నవి.

మొదట పేరునే చూతము. నల్లతల గల్ అను పక్షికి తల నల్లగా నుండునని యెవరైనను తలతురు. నిజమునకు సంతానకాలమున దాని ముసుగు కాఫీపొడివంటి ముదురు గోధుమవన్నె గలది; నలుపు గాదు. కాబట్టి "నల్లనితల" యను లక్షణము దానియందే అసంభవము. రెండవ జాతికిని గోధుమరంగు ముసుగే కలదు. అది కొంచెము లేతవన్నెదై అంచున ముదురుగా నుండును. నిజముగా నల్లనితల గలది మన తీరమునకు వచ్చు పల్లాసు గల్ అను వేరొక పక్షి. అది 57 మొదలు 72 సెంటీమీటర్ల పొడవు గల పెద్ద పక్షి యగుటచే దానితో చిక్కు లేదు.

పోనీ, ఆ గోధుమ ముసుగైనను గుర్తుగా నిలుచునా? నిలువదు. ఈ పక్షులు మన దేశమున నుండు చలికాలములో ఆ యీకలు రాలి తల తెల్లబడును. కంటి వెనుక నొక మసక మచ్చమాత్రము మిగులును. తిరిగి వెళ్లుటకు ముందు గాని ముసుగు మరల రాదు. ఇది అవ్యాప్తి. ఇక కంటి వెనుక మచ్చ, ఎఱ్ఱని ముక్కు, ఎఱ్ఱని కాళ్లు - ఇవి రెండు జాతులకును సమానములే, ఇది అతివ్యాప్తి. పరిమాణమును నమ్ముదమన్నను, గోధుమతల గల్ 41 మొదలు 45 సెంటీమీటర్లు, నల్లతల గల్ 37 మొదలు 43 సెంటీమీటర్లు. రెండు కొలతలును నడుమ కలిసిపోవుచున్నవి గాన, ఒంటరిగా నున్న పక్షిని కొలతనుబట్టి నిర్ణయింపరాదు.

మరి దోషరహితమైన లక్షణ మేది? అది రెక్కకొనయందున్నది. పెరిగిన గోధుమతల గల్ ఎగురునప్పుడు దాని రెక్కకొన విశాలముగా నల్లగా నుండి, ఆ నలుపునడుమ తెల్లని చుక్కలు స్పష్టముగా కనబడును. నల్లతల గల్ రెక్కకు ముందంచున పొడవైన తెల్లని పట్టె యుండి, ఈకల చివరలందు మాత్రము సన్నని నల్లయంచు కనబడును, నలుపులో చుక్కలుండవు. రెక్క క్రిందివైపున రెంటికిని మసక కలదు గాన పైవైపును చూచుట మేలు. దీనికి తోడు కన్ను: పెరిగిన గోధుమతల గల్ కంటివలయము లేతవన్నెది, నల్లతల గల్ కన్ను ముదురువన్నెది.

ఇచ్చటనే మరల జాగ్రత్త కావలెను. మొదటి చలికాలపు పిల్లలకు రెండు జాతులందును కన్ను ముదురుగనే యుండును; తోకచివర నల్లపట్టెయు నుండును. గోధుమతల గల్ పిల్లకు రెక్కకొనలో తెల్లచుక్క లింకను రావు. కావున పెద్దవాని లక్షణము పిల్లకు చెప్పినచో అవ్యాప్తియే. పిల్లలయందు చూడదగినది రెక్కకొన తీరు: గోధుమతల పిల్లకు అది నిండు నలుపు, నల్లతల పిల్లకు ఆ భాగమున నల్లయంచులు గల తెల్లపట్టె కనబడును.

ఇంత సూక్ష్మవిచార మెందుకని మీరడుగవచ్చును. భారత ఉపఖండమున 1987లో ప్రారంభమైన ఆసియా నీటిపక్షుల గణన ప్రతి జనవరియందు జరుగుచున్నది. సామాన్యులు సైతము పాల్గొని లెక్కలు వ్రాయుదురు. 1971లో నేర్పడిన రామ్సారు ఒడంబడిక ననుసరించి, ఒక జాతి పక్షుల మొత్తములో నూటికి 1 వంతు క్రమముగా చేరు నీటితావు ప్రపంచ ప్రాముఖ్యము గలదిగా నెన్నబడును. ఆ లెక్క జాతివారీగా చేయవలసినదే గాని గుంపులెక్క కాదు. పైగా గోధుమతల గల్ టిబెట్టు, లడఖు, పామీరు మొదలగు ఎత్తైన ప్రదేశముల సరస్సులలో పిల్లలు చేయును. నల్లతల గల్ ఐరోపానుండియు ఉత్తరాసియానుండియు వచ్చును. ఒక జాతి తన జన్మస్థానమున క్షీణించుచున్నను, ఇచ్చట రెంటిని ఒక్క పేరున వ్రాసితిమేని ఆ లోపము మన పుస్తకములలో నెన్నటికిని కనబడదు.

మన తీరమున గోధుమతల జాతియే యెక్కువ. అందుచే నెదుట నున్న ప్రతి పక్షియు నదియే యని వ్రాయు నలవాటు కొందరికి కలదు. ఎక్కువగా నుండుట ఇది యదియే యనుటకు హేతువు గాదు. పక్షి రెక్క ముడిచి కూర్చున్నచో ఎగురువరకు వేచియుండుడు. ఎగురకపోయినను, వెలుతురు చాలకపోయినను "గల్, జాతి నిర్ణయము కాలేదు" అని వ్రాయుడు. అట్లు వ్రాసిన పంక్తి లెక్కలో కొరత గాదు. ఊహించి వ్రాసిన పేరే దానిని చెరచును. రాబోవు జనవరిలో తీరమునకు పోవువారు ముందుగా పక్షి ముదుసలియో పిల్లయో తెలిసికొని, పిదప రెక్కకొనను, ఆపైని కంటిని చూచి, కడపట పేరు వ్రాయుదురు గాక.