కంప్యూటర్‌కూ బదిలీ ఉంటుంది

బదిలీ ఉత్తర్వు వచ్చిన ఇంట్లో మొదట జరిగే పని సామాను తగ్గించడం. ఈ సంగతి మీకు ఎవరూ చెప్పనక్కర్లేదు. పూలకుండీలు పక్కింటివాళ్లకు ఇచ్చేశాక, పాత పుస్తకాలు కట్టలు కట్టేశాక, అందరి చూపూ మూలనున్న పాత కంప్యూటర్ మీద పడుతుంది. "దీన్నెవరు వాడుతున్నారు? తూకానికి ఇచ్చేద్దాం" అంటారు నాన్నగారు. అందులో అక్క అన్నప్రాసన ఫొటోలు, తాతయ్య పాడిన పాట ఉన్నాయని లారీ వచ్చే ముందురోజు రాత్రి అమ్మకు గుర్తొస్తుంది.

వాటిని బయటికి తీయడం ఎలా? పెన్‌డ్రైవ్ పెడితే సరిపోదా అంటారు మీరు. విండోస్ 98కు ప్రతి పెన్‌డ్రైవ్‌కూ విడిగా డ్రైవర్ వేయాలి. అది ఇప్పుడు దొరకడం కష్టం. ఫ్లాపీలో పట్టేది 1.44 ఎంబీ మాత్రమే. ఇక నెట్ ద్వారా పంపుదామంటే, బస్తర్‌లో అది ఎప్పుడు ఉంటుందో ఎప్పుడు పోతుందో మనకు తెలిసిందే. అప్పుడు పనికొచ్చేది రెండు కంప్యూటర్లనూ నేరుగా కలిపే కేబుల్.

పాత కంప్యూటర్ వెనక తొమ్మిది పిన్నుల సీరియల్ పోర్టు ఉంటుంది. అందులో మూడో పిన్ను చెప్పేది, రెండోది వినేది. మామూలు తీగతో రెండు కంప్యూటర్లను కలిపితే ఒకరి నోటికి ఇంకొకరు నోరు ఆనించినట్టే. ఇద్దరూ మాట్లాడతారు, ఎవరికీ వినబడదు. అందుకే ఈ కేబుల్‌లో తీగలు అడ్డంగా మారతాయి. ఇటు మూడోది అటు రెండోదానికి, ఇటు రెండోది అటు మూడోదానికి చేరుతుంది. దీన్ని నల్ మోడెమ్ కేబుల్ అంటారు.

ఇంకో రెండు పిన్నుల కథ కిరండూల్, బచేలి పిల్లలకు ఇట్టే అర్థమవుతుంది. బైలాడిలా ఇనుపరాయిని విశాఖపట్నం చేర్చడానికి 1960లలో వేసిన కొత్తవలస-కిరండూల్ లైను మీద, సింగిల్ ట్రాక్ ఉన్నచోట, ముందు స్టేషను 'లైన్ క్లియర్' ఇవ్వనిదే బండి కదలదు. సీరియల్ పోర్టులో ఏడో పిన్ను "పంపమంటారా?" అని అడుగుతుంది. "పంపు" అనే జవాబు ఎనిమిదో పిన్ను మీద అందుతుంది. అవతలి యంత్రం నెమ్మదిగా ఉన్నా మధ్యలో అక్షరాలు రాలిపోకుండా కాపాడేది ఈ ఏర్పాటే.

వేగం మాటేమిటి? సీరియల్ పోర్టు ఎక్కువలో ఎక్కువ సెకనుకు 1,15,200 బిట్లు పంపుతుంది. ఒక బైటుకు ఎనిమిది బిట్లు, ముందొకటి, వెనకొకటి కలిపి పది. అంటే సెకనుకు 11,520 బైట్లు. ఒక ఫ్లాపీ నిండా ఉన్నది పంపడానికి రెండు నిమిషాలకు పైగా పడుతుంది. 100 ఎంబీ ఫొటోలకైతే దాదాపు రెండున్నర గంటలు! ప్రింటర్ తగిలించే పారలల్ పోర్టుకు వేరే కేబుల్ ఉంది. అది ఒకేసారి నాలుగు బిట్లు పంపుతుంది కాబట్టి ఇంకాస్త నయం. అయితే ప్రింటర్ కేబుల్ తెచ్చి పెడితే కుదరదు.

విండోస్ 95లో ప్రోగ్రామ్స్, యాక్సెసరీస్ కింద 'డైరెక్ట్ కేబుల్ కనెక్షన్' ఉంటుంది. అక్కడ కనబడకపోతే కంట్రోల్ ప్యానెల్ నుంచి వేసుకోవాలి. తెరవగానే అది "నువ్వు హోస్టువా, గెస్టువా?" అని అడుగుతుంది. ఫైళ్లున్నది హోస్టు, తీసుకెళ్లేది గెస్టు. చుట్టరికం తేలాకే పని మొదలు! హోస్టులోని ఫోల్డర్‌ను ముందే షేర్ చేసి ఉంచాలి. కేబుల్ పెట్టేటప్పుడు రెండు కంప్యూటర్లనూ ఆపెయ్యాలి. నడుస్తుండగా పీకితే పోర్టు కాలిపోవచ్చు.

ల్యాన్ పోర్టు ఉంటే ఈ తిప్పలు చాలా తగ్గుతాయి. అక్కడా సూత్రం అదే. క్రాసోవర్ కేబుల్‌లో 1, 2 పిన్నులు అవతల 3, 6కు వెళ్తాయి. ఒకదానికి 192.168.0.1, రెండోదానికి 192.168.0.2 అని చిరునామా ఇవ్వాలి, రెండింటికీ మాస్కు 255.255.255.0. సెకనుకు 100 మెగాబిట్ల కార్డయితే ఇందాకటి 100 ఎంబీ లెక్కప్రకారం 8 సెకన్లలో రావాలి. పాత హార్డ్ డిస్క్ అంత చురుగ్గా ఉండదు కాబట్టి ఇంకొంచెం ఓపిక పట్టండి. నేటి విండోస్ మామూలుగా ఈ పాతవాటితో మాట కలపదు. అందుకని మధ్యలో ఒక ఎక్స్‌పీ కంప్యూటర్‌ను పెట్టుకుంటే మేలు. 98 నుంచి కేబుల్ మీద దానికి, దాన్నుంచి పెన్‌డ్రైవ్‌లో కొత్తదానికి.

ఒక జాగ్రత్త. రెండు చివరలా ఒకేలాంటి చదునైన యూఎస్‌బీ ప్లగ్గున్న మామూలు తీగతో రెండు కంప్యూటర్లను కలపకండి. రెండు వైపుల నుంచీ 5 వోల్టుల కరెంటు ఎదురెదురుగా వస్తుంది. ఈ పని కోసమే మధ్యలో చిప్పు పెట్టి చేసిన కేబుల్ వేరే ఉంది. కంప్యూటర్ అసలు లేవకపోతే మాత్రం ఏ కేబుల్‌తోనూ లాభం లేదు. హార్డ్ డిస్క్ విప్పించి అడాప్టర్‌తో చదివించాల్సిందే.

ఇక మా తెలుగువాళ్లకు వచ్చే కష్టం. మా విభాగం పాత సంచికల ఫైళ్లు ఇలా కేబుల్ మీద తెచ్చుకున్నాం. ఒక్క బైటూ తగ్గలేదు. తెరిస్తే మాత్రం పిల్లలు రాసిన కథల స్థానంలో అర్థంపర్థం లేని ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు! ఆ రోజుల్లో ఏ నంబరుకు ఏ తెలుగు అక్షరం అన్నది ఫాంటు తయారుచేసినవారి ఇష్టం. ఫాంటు లేకపోతే ఆ నంబర్లకు తెలుగు తెలియదు. యూనికోడ్‌లో 'క' ఎక్కడైనా 0సీ15. తెలుగుకు 1991 నుంచే అందులో చోటున్నా, విండోస్‌లో గౌతమి ఫాంటుతో తెలుగు వచ్చింది ఎక్స్‌పీ కాలంలోనే. అందుకే అంతకుముందు రాసినవి చాలావరకు పాత ఫాంటుల్లోనే ఉండిపోయాయి. మేము మళ్లీ కేబుల్ పెట్టి, పాత కంప్యూటర్‌లోని ఫాంట్స్ ఫోల్డర్‌లో ఉన్న తెలుగు ఫాంటును కూడా తెచ్చాం. కథలు లేచి కూర్చున్నాయి. ఇప్పుడు వాటిని ఒక్కొక్కటిగా యూనికోడ్‌లోకి మారుస్తున్నాం. మార్చే ప్రోగ్రాములు ఒత్తుల దగ్గర తడబడతాయి కాబట్టి ప్రతి పేజీ ఒకరు చదివి దిద్దాల్సి వస్తోంది.

మీ ఇంట్లో ఈ పని పూర్తయ్యాక రెండు వైపులా ఫైళ్లెన్ని, ఎన్ని ఎంబీలు అని సరిచూడండి. ఫొటోలు తెరుచుకుంటున్నాయా, పాట వినిపిస్తోందా చూసుకోండి. పాత ఇనుము కొనేవాణ్ణి ఆ తర్వాతే పిలవమని నాన్నగారికి చెప్పండి.