ఆరు కిలోల పెట్టె అరకిలో లోపుకి దిగిన కథ

ఏబీఎస్ ఉన్న బైకు ముందు చక్రం దగ్గర వంగి చూస్తే, బ్రేకు డిస్కు పక్కనే ఇంకో సన్నని ఉక్కు రింగు కనిపిస్తుంది. దాని చుట్టూ వరసగా కంతలు. తాకీ తాకనంత దగ్గరలో ఒక చిన్న సెన్సరు. ఒక్కో కంత తన ముందు నుంచి దాటినప్పుడల్లా ఆ సంగతి సీటు కిందో ట్యాంకు కిందో ఉన్న పెట్టెకి చేరవేస్తుంది. బండి ఇంకా పరిగెడుతుండగానే చక్రం ఉన్నట్టుండి ఆగబోతే, టైరు జారబోతోందన్నమాట. వెంటనే పెట్టెలోని వాల్వులు బ్రేకు ఆయిల్ ఒత్తిడిని తగ్గిస్తాయి, మళ్లీ పెంచుతాయి. సెకనులో ఇది ఎన్నోసార్లు జరుగుతుంది. లివర్ వేళ్ల కింద టకటకమని అదిరేది అందుకే.

ఆలోచన పాతదే. చక్రాలు బిగుసుకుపోకుండా చూసే పరికరానికి జర్మనీలో బాష్ కంపెనీ 1936లోనే పేటెంటు తీసుకుంది. 1950లలో బ్రిటన్‌కి చెందిన డన్‌లప్ తయారుచేసిన మాక్సరెట్, విమానాల చక్రాలకు ఈ పని చేసిపెట్టింది. 1966లో అదే పరికరం జెన్సన్ ఎఫ్ఎఫ్ అనే కారెక్కింది. ఆ కార్లు మొత్తం తయారైనవి 320.

అడ్డుపడింది బరువూ, ఖరీదూ, నమ్మకం లేకపోవడమూ. 1960లలో హైడెల్‌బర్గ్‌లోని టెల్డిక్స్ సంస్థ ఎలక్ట్రానిక్ పద్ధతి మొదలుపెట్టినప్పుడు కంట్రోల్ యూనిట్లో సుమారు వెయ్యి అనలాగ్ భాగాలుండేవి. ఇంజను వేడికీ రోడ్డు గతుకులకీ వాటిలో ఏది ఎప్పుడు మొరాయిస్తుందో ఎవరు చెప్పగలరు? పైగా ఇది బ్రేకు వ్యవహారం. డిజిటల్ సర్క్యూట్లు వచ్చాక, ఆ పనిని అందుకున్న బాష్ ఇంజనీర్లు ఆ వెయ్యినీ 140కి దించారు. 1978లో మెర్సిడెస్ ఎస్-క్లాస్‌లోకి వచ్చిన ఆ పరికరం బరువు 6.3 కిలోలు. కావాలన్నవాళ్లు కారు ధర మీద ఇంకో 2,200 మార్కులకు పైగా కట్టాలి. డబ్బున్న మారాజుల ముచ్చటే అది.

తర్వాత బరువు తగ్గింది లోహాన్ని పల్చగా చెక్కినందువల్ల మాత్రమే కాదు, అనవసరమైనవాటిని ఒక్కొక్కటిగా తీసేసినందువల్ల. ముందు కంట్రోల్ యూనిట్ ఒక చోట, వాల్వుల దిమ్మ ఇంకో చోట, మధ్యలో వైర్ల కట్ట. 1989లో ఆ రెంటినీ ఒకదానికొకటి బిగించేశారు, వైర్ల కట్ట పోయింది. దాంతోపాటే కనెక్షన్లు వదులయ్యే బెడదా తగ్గింది. మూడు స్థితుల్లో నిలబడాల్సిన క్లిష్టమైన వాల్వుకి బదులు, తెరవడం మూయడం మాత్రమే తెలిసిన రెండు చిన్న వాల్వులు పెట్టారు. వాల్వుల సంఖ్య పెరిగినా బరువు తగ్గింది! 2001 నాటికి 1.6 కిలోలు.

బైకుల సంగతి వేరు. 1988లో బీఎండబ్ల్యూ కె100కి పెట్టిన ఏబీఎస్ బరువు దాదాపు 11 కిలోలు. అంత పెద్ద బైకు కాబట్టి మోసింది. మన 150 సీసీ బండికి తగిలించడం ఊహకందదు. 2009లో బాష్ బైకుల కోసమే చేసిన యూనిట్ 0.7 కిలోలకి వచ్చింది. 2016లో చిన్న బైకుల మార్కెట్లను దృష్టిలో పెట్టుకుని తెచ్చినది 450 గ్రాములే.

ఈ చిక్కిపోవడం జరగకపోతే మన దేశంలో నిబంధన పెట్టినా అమలయ్యేది కాదు. 125 సీసీ దాటిన కొత్త మోడళ్లకు 2018 ఏప్రిల్ నుంచి, పాత మోడళ్లకు 2019 ఏప్రిల్ నుంచి ఏబీఎస్ తప్పనిసరైంది. ధర ఇంకా తగ్గించడానికి చాలా కంపెనీలు సింగిల్ ఛానల్ ఎంచుకున్నాయి. అంటే ముందు చక్రానికి మాత్రమే రక్షణ. లెక్క సబబుగానే ఉంది: ఆపే బలంలో ఎక్కువ భాగం ముందు చక్రానిదే, మనిషిని నేలకు కొట్టేదీ ఎక్కువగా అది జారడమే. అయితే తడిరోడ్డు మీద కాలిబ్రేకు గట్టిగా తొక్కితే, ఆ బండి వెనక చక్రం ఇప్పటికీ పట్టేస్తుంది.